తల్లి పేరు లేని రిజిస్టర్లు: జార్జి టౌన్ కాగితాల్లో ఆంగ్లేయ వంశాల వెతుకులాట

ఇంగ్లండులో ఒక మామూలు రైతు కుటుంబం కూడా తన పెద్దలను నాలుగు వందల ఏళ్ల వెనక్కి వెతుక్కోగలదు. ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ప్రతి చర్చికీ ఒక ఉత్తర్వు పంపాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్లు, ఖననాలు పుస్తకంలో ఎక్కించి భద్రపరచాలన్నాడు. 1598 నుంచి ఆ పుస్తకం నకలు ఏటా బిషప్పుకు పంపే ఏర్పాటు వచ్చింది. 1837 జూలై 1 నుంచి జనన మరణ వివాహాల నమోదు పని ప్రభుత్వమే తీసుకుంది. 1841 జనాభా లెక్కల నుంచి ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లతో సహా దొరుకుతుంది. ఇన్ని ఆధారాలున్నా ఒక్కోసారి ఆ వరస హఠాత్తుగా ఆగిపోతుంది. ఊళ్లో పుట్టిన పిల్లవాడి పెళ్లి ఆ చర్చిలో కనబడదు, చావూ కనబడదు. అతడు ఓడెక్కాడన్నమాట. పదిహేడో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా అలా ఓడెక్కినవాళ్లలో ఎందరో దిగిన రేవు చెన్నపట్నం.

చెన్నపట్నంలోనూ ముఖ్యంగా చూడవలసిన చోటు సెయింట్ జార్జి కోట, దానికి ఉత్తరంగా ఉన్న జార్జి టౌన్. ముత్యాలపేట, పెద్దనాయకన్ పేట కలిసిన ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీవాళ్లు నల్లవాళ్ల పట్నం అన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో యువరాజు జార్జి పేరు పెట్టారు. కోటలో సెయింట్ మేరీస్ చర్చి, ఆర్మీనియన్ వీధిలో కాథలిక్ చర్చి, అదే వీధిలో ఆర్మీనియన్ల చర్చి, ప్యారీస్ కార్నర్ ఎదుట హైకోర్టు, కొంచెం ఎడంగా ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్. వంశం వెతికేవాళ్లకు కావలసిన కాగితాల్లో పెద్ద భాగం ఈ కాస్త మేరలో పుట్టినవే. ఇవి మనల్ని ఎంత దూరం తీసుకెళ్లగలవన్నదే ప్రశ్న. తండ్రి వైపున ఇవి ఇంగ్లండులోని చిన్న పల్లె చర్చి దాకా తీసుకెళ్తాయని నా అభిప్రాయం. తల్లి వైపున మాత్రం చాలాసార్లు ఈ వీధుల్లోనే వదిలేస్తాయి. ఆ రెండో సగాన్ని పూరించగలిగిన ఆధారాలు మన భాషల్లో, మన దేవాలయాల్లో, మన ఇళ్లలో ఉన్నాయి. వాటిని ఈ చరిత్రలో భాగంగా ఇంతవరకూ తగినంతగా చూడలేదు.

మొదట సెయింట్ మేరీస్ సంగతి. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ గవర్నరుగా ఉండగా చందాలతో కట్టిన ఈ చర్చికి 1678 మార్చి 25న శంకుస్థాపన జరిగింది, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. రిజిస్టర్లూ ఆ ఏడే మొదలయ్యాయి. చర్చిలో నమోదైన మొదటి పెళ్లి 1680 నవంబరు 4న ఎలిహు యేల్‌కూ, జోసెఫ్ హిన్మర్స్ భార్యగా ఉండి అప్పటికే భర్తను పోగొట్టుకున్న కాథరిన్‌కూ జరిగినది. ఈ యేల్ తర్వాత గవర్నరయ్యాడు, అమెరికాలోని విశ్వవిద్యాలయానికి ఇతని పేరే పెట్టారు. 1753 ఫిబ్రవరి 18న రాబర్ట్ క్లైవ్, మార్గరెట్ మాస్కెలీన్‌ల పెళ్లి జరిగింది కూడా ఇక్కడే. పెద్దవాళ్ల పేర్లు చదువుకోవడానికి బాగుంటాయి. కానీ ఈ పుస్తకాల అసలు విలువ గన్నర్లు, కార్పొరల్‌లు, ఓడ వడ్రంగులు, సారా దుకాణదార్ల పేర్లలో ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో వరుస రాశారు. ఓడ దిగిన ఏడాదిలోనే చనిపోయిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఈ లోకంలో మిగిలిన ఆనవాలు ఆ ఒక్క వరుసే కావచ్చు.

చెన్నపట్నం ఎండకూ చెదలకూ ఈ పుస్తకాలు పోయినా సమాచారం పోకుండా ఒక ఏర్పాటు ఉండేది. ఇంగ్లండులో బిషప్పుకు నకలు పంపినట్టే, మద్రాసు నుంచి కూడా బాప్తిస్మాలు, పెళ్ళిళ్లు, ఖననాల నకళ్లు లండనుకు వెళ్లేవి. 1698 నుంచి 1948 దాకా అలా చేరినవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే ఈ నకళ్లు మద్రాసు నగరానికే పరిమితం కావు. మచిలీపట్నం, విశాఖపట్నం లాంటి కోస్తా పట్నాల పాదిరీలు రాసినవీ ఇదే వరసలో ఉన్నాయి. బందరు కోటలోనో విశాఖలోని పాత యూరోపియన్ శ్మశానంలోనో రాయి చెదిరిపోయినవాళ్ల పేరు లండను నకలులో దొరకవచ్చు. ఒక చిక్కుంది. నకలు రాసిన గుమాస్తా ఒక అక్షరం తప్పితే ఇంటిపేరే మారిపోతుంది. అందుకని నకలులో దొరికినదాన్ని వీలైతే మూల రిజిస్టరుతో, రాయితో పోల్చి చూసుకోవాలి.

ఆ రాళ్ల కథ వినదగ్గది. ఇంగ్లీషువాళ్ల మొదటి శ్మశానం కోట బయట, ఇప్పటి హైకోర్టు, పాత లా కాలేజీ ఆవరణ వైపు ఉండేది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాపతి లాలీ నగరాన్ని ముట్టడించినప్పుడు ఎత్తైన ఆ సమాధులు అతని సైనికులకు చాటు ఇచ్చాయి. 1759 ఫిబ్రవరిలో ముట్టడి విడిపోయాక, మళ్లీ ఎవరికీ చాటు దొరకకూడదని కంపెనీవాళ్లు సమాధులు పడగొట్టి, శాసనాల రాళ్లను తెచ్చి సెయింట్ మేరీస్ ఆవరణలో నేలమీద పరిచారు. వాటిలో మద్రాసు మొదటి ప్రెసిడెంటు ఆరన్ బేకర్ భార్య ఎలిజబెత్‌ది 1652 నాటి రాయి. పాత చోట రెండు సమాధులే మిగిలాయి. ఒకటి పౌనీ కుటుంబానిది. రెండోది హిన్మర్స్‌ది, అందులోనే యేల్ కొడుకు పసివాడు డేవిడ్‌నూ పూడ్చారు. కాబట్టి సెయింట్ మేరీస్‌లో మీరు నిలబడ్డ రాయి కింద ఎవరూ లేరు. రాయి చెప్పే పేరు నిజం, తేదీ నిజం, చోటు మాత్రం వేరు. 1763 తర్వాత చనిపోయినవాళ్లను వెతకాలంటే ఐలాండ్ మైదానం పక్కనున్న సెయింట్ మేరీస్ శ్మశానానికి వెళ్లాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్లలో ఈ విషయం మీద మంచి పుస్తకాలు వరసగా వచ్చాయి. 1680 నుంచి 1746 దాకా ఖననాల జాబితాను మాల్డెన్ అనే పాదిరీ అచ్చు వేశాడు. సమాధి శాసనాలను సివిల్ సర్వీసు అధికారి జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ఒక పుస్తకంగా తెచ్చాడు. పాదిరీ ఫ్రాంక్ పెన్నీ మద్రాసు చర్చి చరిత్రను మూడు సంపుటాల్లో రాశాడు. హెన్రీ డేవిసన్ లవ్ 1913లో వెస్టిజెస్ ఆఫ్ ఓల్డ్ మద్రాస్ పేరుతో 1640 నుంచి 1800 దాకా కథను మూడు సంపుటాల్లో చెప్పి, సూచికకు మరో సంపుటం కేటాయించాడు. నాలుగింటిలో ఒకటే కొనగలిగితే లవ్‌నే కొనమంటాను. తెలుగు, తమిళ వ్యాపారులనూ దుబాసీలనూ పేర్లతో, వీధులతో సహా అతడు పట్టుకున్నంతగా మిగిలినవాళ్లు పట్టుకోలేదు. కాటన్ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. అయితే చరిత్రలో ప్రాముఖ్యం ఉన్న రాళ్లే ఎంచుకోవడం అతని పద్ధతి. ప్రాముఖ్యం లేనివాళ్ల మనవలే కదా ఇవాళ ఎక్కువగా వెతుకుతున్నది.

ఆ లోటు తీర్చినవి తర్వాతి సంఘాలు. దక్షిణాసియాలోని యూరోపియన్ శ్మశానాల కోసం 1976లో ఒక బ్రిటిష్ సంఘం ఏర్పడింది. 1998లో బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల కోసం ఫిబిస్ అనే సంఘం పుట్టింది. ఫిబిస్ సభ్యులు స్వచ్ఛందంగా ఎత్తి రాసిన సూచికల్లో ఎవరైనా డబ్బు కట్టకుండా వెతకవచ్చు. లండను నకళ్ల బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైటులో చందా కట్టినవాళ్లకు కనిపిస్తాయి. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టే వీలు ఇంతకుముందు ఏ తరానికీ లేదు. సూచికలో పేరు లేనంత మాత్రాన మనిషి లేడనుకోవద్దు. 1746 సెప్టెంబరు నుంచి 1749 దాకా చెన్నపట్నం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, కంపెనీ పాలన కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటకు మారింది. ఆ ఏళ్లలో పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ కడలూరు వైపు వెతకాలి.

మద్రాసు వరుసను ఇంగ్లండులోని పల్లెతో ముడి వేసేవి కంపెనీ ఉద్యోగ కాగితాలు. సైన్యంలో ఆఫీసరుగా చేరబోయే కుర్రవాడు తన వయసు రుజువు చేయాలి, అందుకు ఊరి చర్చి ఇచ్చిన బాప్తిస్మ పత్రం జత చేయాలి. 1789 నుంచి 1860 దాకా ఉన్న ఆ కాడెట్ పత్రాల్లో ఫలానా కౌంటీ, ఫలానా చర్చి అని స్పష్టంగా ఉంటుంది. సివిల్ ఉద్యోగానికి వచ్చిన రైటర్ల అర్జీలూ అలాంటివే. మామూలు సిపాయికి ఇంత భోగం లేదు. మస్టర్ రోల్స్, ఓడల్లో ఎక్కినవాళ్ల జాబితాలు చూసుకోవాలి. వీటిలో ఊరి పేరు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

అందరూ ఇంగ్లండులో పుట్టి ఇక్కడికి వచ్చినవాళ్లే అనుకోవడం కూడా పొరపాటు. మన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ పాదిరీ. తండ్రి 1812లో పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది, కొడుకు హేలీబరీలో చదివి 1817లో మద్రాసులో దిగాడు. 1884 డిసెంబరు 12న లండనులో పోయాడు. అంటే తెలుగు నిఘంటువుతో పేరు నిలిచిన మనిషి పుట్టుక బెంగాలు వరసలోనూ, చావు ఇంగ్లండు ప్రభుత్వ రిజిస్టరులోనూ చూడవలసినవి. మద్రాసు వరసలో ఆ రెండూ కనబడవు. నడుమనున్న జీవితాన్ని పట్టుకున్నది తెలుగువాళ్లే. పరిశోధకుడు బంగోరె మద్రాసులో బ్రౌన్ జాబులు వెతికి వెలికితీశాడు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలబెట్టాడు. ఒక ఆంగ్లేయుడి చరిత్రను తెలుగు పరిశోధకులు తమ సొంత పనిగా చేసుకున్న ఉదాహరణ ఇది. ఆ శ్రద్ధ పేరున్న దొరల దగ్గరే ఆగిపోకూడదని ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక తల్లుల సంగతి. కంపెనీ లండను డైరెక్టర్లు 1687 ఏప్రిల్‌లో మద్రాసుకు రాసిన లేఖలో సైనికులు ఇక్కడి స్త్రీలను పెళ్లి చేసుకోవడాన్ని ప్రోత్సహించారు. అలాంటి పెళ్లిలో పుట్టిన బిడ్డకు బాప్తిస్మమైన రోజున తల్లికి ఒక వరహా ఇచ్చే ఆలోచన ఉందని చెప్పారు. కోటకు మనుషులు కావాలి, పిల్లలు కాథలిక్కులు కాకుండా తమ మతంలో పెరగాలి. వాళ్ల లెక్క అది. రిజిస్టరులో మాత్రం తండ్రి పేరు, హోదా రాసి, తల్లి గడిలో స్థానిక స్త్రీ అని వదిలేయడం తరాల తరబడి సాగింది. పేరు రాసినచోట కూడా బాప్తిస్మంలో పెట్టిన మేరీయో అన్నాయో ఉంటుంది, పుట్టింటి పేరు ఉండదు. కలకత్తా స్థాపకుడిగా చెప్పే జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్లకు 1689లో సెయింట్ మేరీస్‌లోనే బాప్తిస్మమైంది. అంత పెద్ద మనిషి బిడ్డల తల్లి అసలు పేరు కూడా చరిత్రకు నిశ్చయంగా తెలియదు. మరి గన్నర్ల ఇళ్లలోని స్త్రీల మాట ఏం చెప్పాలి?

ఆ స్త్రీలను వెతకడానికి నాకు తెలిసిన దారులు మూడు.

ఆర్మీనియన్ వీధిలోని కాథలిక్ చర్చి మొదటిది. 1642లో ఫాదర్ ఎఫ్రాయిమ్‌తో మద్రాసులో మొదలైన కపూచిన్ పాదిరీల పని ఈ చోట 1658 నుంచి సాగింది. ఇంగ్లీషు సైనికులు చేసుకున్న పోర్చుగీసు సంతతి స్త్రీలు కాథలిక్కులు. తండ్రి ప్రొటెస్టెంటు అయినా బిడ్డను తల్లి తన చర్చికి తీసుకువెళ్లిన సందర్భాలున్నాయి. సెయింట్ మేరీస్‌లో కనబడని బిడ్డ కోసం తప్పక చూడవలసిన చోటు ఇది. ఇదే వీధిలో 1772 నాటి ఆర్మీనియన్ చర్చి వేరే సమాజానిది. ప్రపంచంలో తొలి ఆర్మీనియన్ పత్రిక అజ్దరార్‌ను 1794లో మద్రాసు నుంచి నడిపిన ఫాదర్ హరుత్యున్ ష్మవోనియన్ సమాధి అక్కడుంది. ఆర్మీనియన్ ఇంటిపేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులోకి మారిపోయిన కుటుంబాలకు ఆ ఆవరణ దారి చూపుతుంది.

రెండో దారి అనాథాశ్రమాలు. 1787లో ఆడపిల్లలకు, 1789లో మగపిల్లలకు సైనిక అనాథాశ్రమాలు మద్రాసులో మొదలయ్యాయి. మగపిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ పెద్దగా ఉండి, పిల్లల చేత పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని ఇక్కడే రూపొందించాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండు దాకా వెళ్లింది. అందులోని పిల్లల్లో ఎక్కువమంది సైనికులకూ ఇక్కడి స్త్రీలకూ పుట్టినవాళ్లు. తల్లి బతికి ఉన్నా తండ్రి పోతే అనాథ అనే అన్నారు. 1791లో భారతీయ తల్లికి పుట్టిన కొడుకులకు కంపెనీ పెద్ద ఉద్యోగాల తలుపు మూసేశారు. ఆ తర్వాత తల్లి ఎవరో దాచుకోవడం కుటుంబాలకే అవసరమైంది. కాబట్టి కాగితంలో తల్లి పేరు లేకపోవడానికి పాదిరీ అశ్రద్ధ ఒక కారణమైతే, కొడుకు భవిష్యత్తు మీద భయం మరో కారణం. మనవరాలు ఇవాళ డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తనలో దక్షిణ భారతం కొంత ఉందని తెలుస్తుంది. ఆ అవ్వ పేరు మాత్రం పరీక్ష చెప్పదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, వీలునామాలు. చర్చి అడగని ప్రశ్న ఆస్తి అడుగుతుంది. నెలకు ఇన్ని వరహాలు ఫలానా స్త్రీకి ఇవ్వమని, ఆమె ఉన్న ఇల్లు ఆమెకే ఉండాలని చనిపోయేవాడు రాస్తే, ఆమెను గుర్తుపట్టేలా రాయక తప్పదు. 1688లో మొదలైన మేయరు కోర్టు, 1801లో వచ్చిన సుప్రీం కోర్టు, 1862 నుంచి హైకోర్టు ఈ వీలునామాలను అమలు చేయించాయి. మద్రాసు వీలునామాల, చనిపోయినవాళ్ల సామాన్ల జాబితాల నకళ్లు లండనులోనూ ఉన్నాయి. రిజిస్టరులో పేరులేని స్త్రీ ఇక్కడ ఇంటి సరిహద్దులతో సహా ప్రత్యక్షం కావచ్చు. సరిహద్దులో పక్కింటివాళ్ల పేర్లుంటాయి. ఆ పక్కిళ్లు ఎవరివో చూస్తే మనం నేరుగా తెలుగువాళ్ల మధ్యకు వస్తాం.

జార్జి టౌన్ తెలుగు పట్నం కూడా. చెన్నపట్నంలో కంపెనీకి చోటు సంపాదించిన ఫ్రాన్సిస్ డే దుబాసీ బేరి తిమ్మన్న కాలం నుంచి కోమట్లు, బలిజలు, బేరి చెట్టీలు ఇక్కడ వ్యాపారం చేశారు. మేయరు కోర్టు మొదటి ఆల్డర్‌మెన్లలో తిమ్మన్న తమ్ముడు చిన్న వెంకటాద్రి ఉన్నాడు. సుంకురామచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. పొట్టి శ్రీరాములు 1901లో పుట్టింది కూడా ఇక్కడి అన్నాపిళ్ళై వీధిలో. కంపెనీ కాలపు ఆ వ్యాపారులెవరూ బాప్తిస్మాల పుస్తకంలో ఉండరు. కానీ కంపెనీ రోజువారీ సంప్రదింపుల పుస్తకాల్లో అడుగడుగునా ఉంటారు. 1672 నుంచి ఉన్న ఆ పుస్తకాలను మద్రాసు ప్రభుత్వం 1910 నుంచి వరసగా అచ్చు వేసింది. 1680లో కంపెనీ వర్తకుడు కాశీ వీరన్న చనిపోతే అతని భార్య సహగమనం చేయకుండా గవర్నరు అడ్డుకున్న సంగతి వాటివల్లే తెలిసింది. 1707లో కుడిచేతి, ఎడమచేతి కులాల తగాదా ముదిరినప్పుడు పెద్దనాయకన్ పేట కుడిచేతివాళ్లకు, ముత్యాలపేట ఎడమచేతివాళ్లకు అని గవర్నరు పిట్ వీధులు పంచిన వైనం కూడా. ఏ కుటుంబం ఏ వీధిలో ఎందుకుందో ఆ తగాదా చదివితే అర్థమవుతుంది. వెతికేటప్పుడు మన పేర్లను ఇంగ్లీషు చెవితో వినాలి. కాశీ వీరన్న కాసా వెరోనా అవుతాడు. జెంటూ అని ఉంటే తెలుగు, మలబార్ అని ఉంటే తమిళం అని మద్రాసు కాగితాల్లో చదువుకోవాలి.

దేవాలయాల దగ్గర ఇంకా పాత కాగితాలున్నాయి. చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల ఆలయానికి సంబంధించి 1646లో కంపెనీ తుపాకిమందు చేసే నాగభట్టు ఇచ్చినది, 1648లో బేరి తిమ్మన్న ఇచ్చినది, రెండు దానపత్రాలను లవ్ చూపించాడు. సెయింట్ మేరీస్ రిజిస్టరు కన్నా ఇవి ముప్ఫై ఏళ్లు పెద్దవి. ధర్మసత్రాల, ట్రస్టుల దస్తావేజులు, కన్యకాపరమేశ్వరి ఆలయం వంటి సంస్థల తీర్మానాలు, సబ్ రిజిస్ట్రారు దగ్గరి లింకు డాక్యుమెంట్లు ఆ తర్వాతి కాలానికి దారి. దస్తావేజులో తండ్రి పేరు, వీధి, ఒక్కోసారి కులం, వృత్తి ఉంటాయి. నాలుగు అమ్మకాలు వెనక్కి వెళ్తే నాలుగు తరాలు వెళ్లినట్టే.

మన ఇళ్లలో ఉన్న ఆధారాలు వేరే రకానివి. తాతగారు పోయిన మాసం, పక్షం, తిథి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఏటా తద్దినం పెడతారు కాబట్టి. ఏ సంవత్సరమో మరిచిపోతారు. ఇంగ్లీషు రిజిస్టరులో ఏడాది ఉంటుంది, ఆ రోజును మాత్రం ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు. పాత జాతకచక్రం ఉంటే అందులో సంవత్సరం పేరు దొరుకుతుంది. వికారి అంటే 1899 కావచ్చు, 1959 కావచ్చు. అరవై ఏళ్ల తేడా కాబట్టి తరం లెక్కతో ఏదో తేల్చుకోవచ్చు. 1899లో మద్రాసు జనన మరణాల నమోదు చట్టం వచ్చింది, 1970 నుంచి 1969 నాటి కేంద్ర చట్టం నడుస్తోంది. తేల్చుకున్న ఏడాదితో కార్పొరేషన్ పుస్తకాల్లో వెతకవచ్చు. జనాభా లెక్కలను నమ్ముకోవద్దు. ఇంగ్లండులోలా ఇంటింటి పేర్ల కాగితాలను మన దేశంలో దాచలేదు, అంకెలే దాచారు. క్రైస్తవ కుటుంబాలకు 1872 వివాహ చట్టం కింద నమోదైన పెళ్ళిళ్లు ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి పెళ్లి నమోదుల్లో వధూవరుల తండ్రుల పేర్లూ రాశారు కాబట్టి ఒక్క పెళ్లి దొరికితే రెండు ఇళ్లు దొరుకుతాయి.

అసలు చిక్కల్లా ఈ రెండు రకాల కాగితాలనూ కలిపి చదివేవాళ్లు తక్కువ కావడంలో ఉంది. ఇంగ్లండు నుంచి వెతికేవాళ్లకు తెలుగు రాదు. తెలుగు కుటుంబాలకు ఆ వీలునామాలు తమ చరిత్ర అనిపించవు. అనాథాశ్రమం పిల్లవాడి తల్లి, లింగిచెట్టి వీధి పక్కింటి సరిహద్దు, కొత్వాల్ చావడి వ్యాపారి దగ్గర అప్పు పత్రం ఒకే పేటలో ఒకే ఏడాది రాసినవి కావచ్చు. ఇవాళ అవి మూడు ఊళ్లలో, మూడు భాషల్లో పడి ఉన్నాయి. అచ్చయిన సంప్రదింపుల పుస్తకాల నుంచి తెలుగు పేర్లన్నీ ఏరి, ఇంగ్లీషువాళ్లు రాసిన వింత స్పెల్లింగుల పక్కన అసలు తెలుగు రూపం పెట్టి ఒక సూచిక తయారు చేయడం ఒక విశ్వవిద్యాలయ శాఖకు మించిన పని కాదు. దాని తర్వాత వీలునామాల్లోని స్త్రీల పేర్ల జాబితా. వీధి పేరు, సంవత్సరం, ఏ కోర్టు కాగితం, ఎవరి వీలునామా అన్న నాలుగు గడులు చాలు. ఐదో గడి, ఆమె ఏ ఇంటి పిల్ల అన్నది, జార్జి టౌన్ కుటుంబాలు తమ దస్తావేజులు తెరిచినప్పుడే నిండుతుంది.